నాన్న వ్యాపారంలోకి వెళ్తే వెనకబడ్డట్టేనా?

ఇంజినీరింగో, ఎంబీఏనో పూర్తిచేసి నాన్న కొట్లోనో, మిల్లులోనో, తోటలోనో కనిపించే అబ్బాయిని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. ‘ఏరా, ఇంకా ఎక్కడా రాలేదా?’ అని. ఉద్యోగం రాలేదు కాబట్టే ఇంటి పని చూసుకుంటున్నాడని వాళ్ల లెక్క. అదే పని అమ్మాయి చేస్తే ఆ ప్రశ్న కూడా వేయరు. పెళ్లయ్యేదాకా ఏదో కాలక్షేపం అనుకుంటారు. ఇంటి వ్యాపారంలోకి వెళ్లడమంటే చదువు వృథా చేసుకోవడమే అన్న అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. నాకు ఇది మింగుడుపడదు. దీనికి జవాబుగా ఈ వారం స్పెయిన్‌లోని ఒక ద్రాక్షతోటల కుటుంబం గురించి చెప్పాలనుంది. ఇదేం పూలబాట కథ కాదు. ఆ ఇంట్లోనూ నాన్న ఓ పట్టాన కుర్చీ దిగలేదు. కూతురు ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ముందే ఒక మాట. యూత్ పేజీలో వైన్ గోల ఏంటని కొందరు పెద్దలు కళ్లెర్ర చేయొచ్చు. తాగమని చెప్పడానికి రాస్తున్నది కాదిది. మధ్యధరా తీరంలో ద్రాక్ష అంటే మనకు వరి లాంటిది. రైతు కష్టం, కెమిస్ట్రీ, మార్కెటింగ్ అన్నీ కలిసే పంట అది. ఆ దృష్టితో చదవండి చాలు.

బార్సిలోనాకి దగ్గర్లో విలాఫ్రాంకా డెల్ పెనెడెస్ అనే చిన్న పట్టణం ఉంది. టోరెస్ కుటుంబం అక్కడ 1870లో వైనరీ పెట్టింది. పెట్టినాయన పేరు జైమే టోరెస్. కాటలోనియాలో పాత ఆచారం ప్రకారం ఇల్లూ భూమీ పెద్దకొడుకువి. జైమే రెండోవాడు. చేతికి ఏమీ రాదని తెలిసి ఓడెక్కి క్యూబా వెళ్లాడు. అక్కడ చమురు, ఓడల వ్యాపారంలో డబ్బు గడించి తిరిగొచ్చి, ద్రాక్ష సాగు చేస్తున్న అన్న మిగెల్‌తో కలిసి వైనరీ మొదలుపెట్టాడు. నూటయాభై ఏళ్ల వారసత్వం అని ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునేది, వారసత్వంలో వాటా దక్కని మనిషితో మొదలైందన్నమాట. ఆయన చేయించిన ఆరు లక్షల లీటర్ల కొయ్య తొట్టి లోపల 1904లో స్పెయిన్ రాజు పదమూడో ఆల్ఫోన్సో కూర్చుని భోంచేశాడని ఆ కుటుంబం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఇలాంటి ముచ్చట్లు ప్రతి పాత వ్యాపార కుటుంబంలోనూ ఉంటాయి. వాటితో కడుపు నిండదు. 1939 జనవరిలో, అంతర్యుద్ధం చివరి రోజుల్లో, రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న వైనరీ మీద బాంబులు పడ్డాయి. తొట్టీ పోయింది, తొట్టిలో వైనూ పోయింది.

ఈ కుటుంబంలో తరానికో మిగెల్ ఉన్నాడు. గందరగోళం లేకుండా ఉండడానికి, వైనరీని మళ్లీ కట్టిన మిగెల్ టోరెస్ కార్బోని ‘పెద్దాయన’ అందాం. మన కథలో ముఖ్యుడు ఆయన కొడుకు మిగెల్ అగుస్తిన్. మనవణ్ని ‘చిన్న మిగెల్’ అందాం.

పెద్దాయన అసలు సిసలైన అమ్మకందారు. అప్పటిదాకా ఎక్కువగా పీపాల్లో, హోల్‌సేల్‌గా పోయే వైన్‌ని సీసాల్లో నింపి తన పేరుతో అమ్మాలని నిర్ణయించాడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల అమెరికాకి ఫ్రెంచి వైన్లు ఆగిపోతే ఆ ఖాళీలోకి దూరాడు. భార్య మార్గరీటాని వెంటబెట్టుకుని దేశదేశాలు తిరిగాడు. 1954లో ‘సాంగ్రె దె తోరో’ అనే బ్రాండ్ తెచ్చాడు. ఎద్దు నెత్తురు అని దాని అర్థం. సీసా మెడకి వేలాడే చిన్న ప్లాస్టిక్ ఎద్దుబొమ్మే దానికి సగం గుర్తింపు.

మిగెల్ అగుస్తిన్ 1941లో పుట్టాడు. బార్సిలోనాలో కెమిస్ట్రీ చదివి, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని డిజోన్ వెళ్లి వైన్ తయారీ శాస్త్రం, ద్రాక్ష సాగు నేర్చుకున్నాడు. 1962లో ఇంటికొచ్చి పనిలో చేరాడు. అప్పటికి ఇరవై ఒకటో ఏడు. తన చదువుని పక్కన పెట్టి నాన్న చేసే పని అందుకోలేదు. నాన్నకి తెలియని పని పట్టుకున్నాడు. నాన్న అమ్మకంలో మేటి. కొడుకు తోటలోకి, ల్యాబ్‌లోకి వెళ్లాడు. ఇంటి వ్యాపారంలోకి వెళ్లాలనుకునే ఎవరైనా ముందు చూసుకోవాల్సింది ఇదే అని నా ఉద్దేశం. నాన్నకి బాగా వచ్చిన పనిలోనే మీరూ దిగితే ఆయన బతికున్నన్నాళ్లూ అసిస్టెంటుగానే ఉంటారు.

ఆ రోజుల్లో స్పెయిన్‌లో వైన్ పులియబెట్టడం చాలాచోట్ల వాతావరణం దయ మీద నడిచేది. సెప్టెంబరు ఎండల్లో రసం వేడెక్కితే పండు వాసన ఎగిరిపోతుంది. ఈయన స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు పెట్టి, లోపలి వేడిని అదుపులో ఉంచే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు మామూలైన ఈ పద్ధతి అప్పటి స్పెయిన్‌కి కొత్త. 1966లో పెనెడెస్‌లోని మాస్ లా ప్లానా అనే 29 హెక్టార్ల తోటలో కాబెర్నే సొవిన్యోన్ నాటాడు. అది ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రకం. ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. పెనెడెస్‌లో కాబెర్నే నాటిన మొదటివాడు ఈయన కాదు. హాలీవుడ్ తారలు వచ్చే రెస్టారెంట్ నడిపిన జాన్ లియోన్ అనే స్పెయిన్ మనిషి కాస్త ముందే నాటాడు. ఆ లియోన్ వైనరీనే తర్వాత 1990లలో టోరెస్ కుటుంబం కొనుక్కుంది. ‘మొట్టమొదటి’ అన్న పదం మీద మనవాళ్లకి మోజు ఎక్కువ. మొదట నాటడం కంటే నాటినదాన్ని నిలబెట్టడం ఎక్కువ కష్టం.

1970 పంటతో చేసిన వైన్‌ని 1979లో పారిస్‌లో గో-మియో పత్రిక పెట్టిన ‘వైన్ ఒలింపిక్స్’కి పంపారు. పేర్లు కనబడకుండా రుచి చూసి మార్కులు వేసే పోటీ అది. కాబెర్నే విభాగంలో ఈ స్పెయిన్ సీసా షాటో లతూర్ లాంటి బోర్డో దిగ్గజాన్ని దాటి మొదటి స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల వయసున్న తీగల కాయతో చేసిన వైన్ అది! అప్పటిదాకా స్పెయిన్ వైన్ అంటే చవక సరుకు అనుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

అదే ఏడాది ఆయన చిలీ వెళ్లి కురికో అనే ఊళ్లో వైనరీ కొన్నాడు. అప్పట్లో చిలీలో పినోచెట్ సైనిక పాలన. బయటి కంపెనీలు ఆ దేశపు వైన్ వైపు చూడని కాలం. రౌలీ అనే స్థానిక కొయ్యతో చేసిన పాత తొట్లలో వైన్ చేసేవాళ్లు. ఈయన అక్కడికీ స్టీలు ట్యాంకులు పట్టుకెళ్లాడు. ఈరోజు ప్రపంచం నిండా కనిపించే చిలీ వైన్ వెనక ఆ మలుపు ఉంది.

మామూలుగా ఈయన మీద వచ్చే వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. పారిస్ గెలుపు, చిలీ సాహసం, సక్సెస్ స్టోరీ, శుభం. నాకు మాత్రం అసలు ఆసక్తికరమైన భాగం దీని తర్వాతే మొదలవుతుంది.

1982లో, నలభై దాటాక, పేరూ డబ్బూ అన్నీ వచ్చాక మిగెల్ అగుస్తిన్ మళ్లీ కాలేజీకి వెళ్లాడు. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఒక ఏడాది చదువుకున్నాడు. నలభైల్లో ఉద్యోగం మానేసి క్లాసులో కూర్చుంటానంటే మన ఇళ్లలో ఏమంటారో ఊహించుకోండి. మోంపెలియే ప్రపంచ ద్రాక్ష రకాల పరిశోధనకి పెట్టింది పేరు. అక్కడి నుంచి తిరిగొచ్చాక ఆయన మొదలుపెట్టిన పని, అంతకుముందు తాను చేసినదానికి దాదాపు ఎదురు దిశలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే చిన్న పురుగు యూరప్ తోటల్ని తుడిచిపెట్టేసింది. వేళ్లని పీల్చి తీగని చంపే పురుగు. అది పోయాక రైతులు అమెరికా మొక్కల వేళ్ల మీద అంటుకట్టి మళ్లీ నాటుకున్నారు. కానీ అంతకుముందున్న అన్ని రకాలనీ నాటలేదు. బాగా కాసేవి, అమ్ముడుపోయేవి ఎంచుకున్నారు. మిగతా రకాల పేర్లు కూడా జనం మర్చిపోయారు. కాటలోనియా రైతులు వందల ఏళ్లు పండించిన ఆ పాత రకాల్లో ఏవైనా ఇంకా ఎక్కడైనా, ఏ పొలం గట్టునో, ఏ పాడుబడ్డ తోటలోనో బతికున్నాయా? ఇదీ ఆయన ప్రశ్న.

దీనికి జవాబు వెతికిన పద్ధతి నాకు భలే నచ్చింది. స్థానిక పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. ‘మీ తోటలో పేరు తెలియని ద్రాక్షతీగ ఏదైనా ఉంటే మాకు చెప్పండి’ అని. రైతులు కబురు పంపారు. వాళ్లు వెళ్లి చూశారు. చాలావరకు తెలిసిన రకాలే అయ్యుండేవి. ఎప్పుడో ఒకసారి దేనికీ సరిపోలని ఆకు కనిపించేది.

అలా దొరికిన తీగని సీసాలోకి తేవడం ఎంత పనో చూడండి. ఆకు ఆకారం చూసి, తర్వాతి కాలంలో డీఎన్ఏ పరీక్ష చేసి, అది ఏ తెలిసిన రకమూ కాదని తేల్చుకోవాలి. పాత తీగలకి సాధారణంగా వైరస్ తెగుళ్లు ఉంటాయి. వాటిని వదిలించడానికి ల్యాబ్‌లో చిగురు కణజాలం నుంచి కొత్త మొక్క పెంచాలి. మన అరటి రైతులకి బాగా తెలిసిన టిష్యూ కల్చర్ లాంటిదే. ఆ మొక్కలు నాటాక కాపుకి మూడు నాలుగేళ్లు. వచ్చిన కాస్త కాయతో కొద్దికొద్దిగా వైన్ చేసి రుచి చూడాలి. ఒక ఏడాది బాగుందంటే చాలదు, వరసగా చాలా ఏళ్లు చూడాలి. రకరకాల నేలల్లో, ఎత్తుల్లో వేసి చూడాలి. చివరికి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఆ రకం ఎక్కితే తప్ప పెద్ద ఎత్తున నాటడానికి వీల్లేదు. ఇంతా చేశాక అది పనికిరాదని తేలవచ్చు కూడా.

ఇప్పటికి యాభైకి పైగా పాత రకాలు దొరికాయి. వాటిలో వైన్ చేయడానికి నిజంగా పనికొస్తాయని నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గర్రో అనే రకం 1990లలోనే ‘గ్రాన్స్ మురాయెస్’ అనే వాళ్ల ఖరీదైన వైన్‌లో చేరింది. తర్వాత కెరోల్, మొనేవ్, ఫోర్కాడా, ఇంకొన్ని. ఫోర్కాడా తెల్ల ద్రాక్ష. ఆలస్యంగా పండుతుంది, వేడిలోనూ పులుపు నిలుపుకుంటుంది. ఎనభైల్లో మొదలైన వెతుకులాట ఫలితంగా ఆ రకం సొంత పేరుతో సీసాలోకి వచ్చేసరికి మూడు దశాబ్దాలు దాటింది. మొదలుపెట్టినప్పుడు ఇది ఒక రకంగా సరదా, ఒక రకంగా మట్టి మీద మమకారం. ఇప్పుడు ఎండలు ముదిరాక, వేడినీ నీటి ఎద్దడినీ తట్టుకునే రకాలు కావాల్సి వచ్చి, ఆ సరదాయే కంపెనీకి ఆసరా అయింది. ముప్పై ఏళ్ల కిందట దీనికి బడ్జెట్ ఎందుకని అడిగే ఇన్వెస్టర్ బోర్డు ఉంటే ఏమయ్యేదో! ఇంటి వ్యాపారంలో ఉండే ఒక నిజమైన సౌకర్యం ఇదే. మూడు నెలలకోసారి ఎవరికో లెక్క అప్పజెప్పక్కర్లేదు.

అయితే ఇంటి వ్యాపారానికి ఇంకో ముఖం ఉంది, దాన్ని దాచి ఇదంతా చెప్పడం అన్యాయం. పారిస్‌లో గెలిచిన మనిషికి, చిలీలో వైనరీ పెట్టిన మనిషికి సొంత ఇంట్లో పగ్గాలు ఎప్పుడు దక్కాయో తెలుసా? 1991లో, నాన్న కన్నుమూశాక. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. వయసు యాభై. పెద్దాయన గొప్ప వ్యాపారి, అందులో అనుమానం లేదు. కానీ తన తర్వాతివాడు సిద్ధంగా ఉన్నాడని ఊరంతా, లోకమంతా ఒప్పుకున్నాక కూడా కుర్చీ వదలకపోవడం పెద్దరికం అనిపించుకోదు. మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. చెక్కు మీద సంతకం నాన్నది, అప్పు వసూలు కొడుకుది. యాభై ఏళ్లకి కూడా ‘చినబాబు’గానే మిగిలిపోయిన వాళ్లని ఏ మార్కెట్ యార్డులోనైనా చూడొచ్చు. చదువుకున్న పిల్లలు ఇంటి వ్యాపారం అంటే పారిపోతున్నారని వాపోయే తండ్రులు ముందు ఈ సంగతి ఆలోచించాలి. జీతం తక్కువని కాదు, మాట చెల్లదని పారిపోయేవాళ్లే ఎక్కువ.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మిగెల్ అగుస్తిన్ చెల్లెలు మారిమార్ కూడా ఆ ఇంట్లోనే, ఆ వ్యాపారంలోనే పెరిగింది. 1975 మే వరకు స్పెయిన్‌లో పెళ్లయిన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా చట్టప్రకారం భర్త అనుమతి కావాలి. అదే 1975లో మారిమార్ కాలిఫోర్నియా వెళ్లిపోయింది. కుటుంబ వైన్లని అమెరికాలో అమ్మింది. డేవిస్ యూనివర్సిటీలో ద్రాక్ష సాగు, వైన్ తయారీ చదువుకుంది. 1986లో సొనోమా ప్రాంతంలో తీగలు నాటి, తన పేరుతోనే వైనరీ నిలబెట్టింది. ఆ తోటకి నాన్న పేరే పెట్టుకుంది. పెద్ద కథే అయినా అన్న కథ పక్కన ఎప్పుడూ ఫుట్‌నోట్‌గానే వస్తుంది. ఇదిగో, నేనూ ఒక పేరానే ఇచ్చాను.

తర్వాతి తరానికి కాస్త గాలి మారింది. మిగెల్ అగుస్తిన్ తాను పడ్డది కొడుకుకి మిగల్చలేదు. 2012లో, డెబ్బై దాటగానే, రోజువారీ పగ్గాలు చిన్న మిగెల్‌కి ఇచ్చేశాడు. అప్పటికి కొడుకు వయసు ముప్పై ఎనిమిది. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చోలేదు. అంతకుముందు చిలీ వైనరీని నడిపాడు. అక్కడ పాయిస్ అనే పాత ద్రాక్ష ఉంది. స్పెయిన్ వాళ్లు వలస వచ్చినప్పుడు తెచ్చింది, చిన్న రైతుల దగ్గర ధర లేక పడి ఉన్నది. దానితో ఎస్తెలాదో అనే నురగ వైన్ చేసి మార్కెట్‌లో పెట్టారు. పాత రకాల మీద తండ్రికి ఉన్న పట్టుదల ఇలా చిలీలోనూ కనిపించింది. కూతురు మిరేయా సాంకేతిక విభాగం, పరిశోధన చూసింది. జాన్ లియోన్ వైనరీ బాధ్యత కూడా ఆమెదే. అత్తకి ఊరు దాటాల్సి వచ్చిన చోట మేనకోడలికి ల్యాబ్ దొరికింది.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. ‘వాళ్లకేం, డబ్బున్నవాళ్లు. ముప్పై ఏళ్లు ఆగగలరు. మా నాన్నది కిరాణా కొట్టు’ అని. నిజమే. టోరెస్ పేదింటి హీరో కాదు, అలా చూపిస్తే అబద్ధం. విదేశీ చదువు, చిలీలో వైనరీ కొనే స్తోమత అందరికీ ఉండవు. కానీ నేను ఎత్తిచూపుతున్న విషయాలకి పెట్టుబడి తక్కువే. నాన్నకి రాని పని నేర్చుకుని రావడం, నలభై ఏళ్లకైనా మళ్లీ చదవడం, ఊళ్లో ఏం మిగిలిందో పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ అడగడం. వీటిలో ఏది కిరాణా కొట్టుకి వర్తించదు? ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకి పేరుమోసిన హైదరాబాద్ శివార్లలో ఆ తోటలున్న నేల ఇప్పుడు ఎక్కువగా ప్లాట్లూ అపార్ట్‌మెంట్లూ. అమ్మినవాళ్లని తప్పుపట్టను. ఎకరం ధర చూస్తే ఎవరైనా అమ్ముతారు. అయితే ఆ తోటల పిల్లల్లో ఒక్కరైనా ద్రాక్ష శాస్త్రం చదివి వెనక్కొచ్చుంటే ఏమయ్యేదన్న కుతూహలం మాత్రం నాకుంది.

వాతావరణం సంగతి కూడా చెప్పాలి. పెనెడెస్‌లో నలభై ఏళ్లలో సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ దాకా పెరిగిందని, కోత పది రోజులు ముందుకు జరిగిందని టోరెస్ కుటుంబం చెబుతుంది. ద్రాక్ష ముందే పండితే తీపి ఎక్కి, పులుపు తగ్గి వైన్ తూకం చెడుతుంది. 2008లో వాళ్లు ఒక పర్యావరణ కార్యక్రమం మొదలుపెట్టి కోటిన్నర యూరోలకి పైగా ఖర్చుపెట్టారు. సౌర ఫలకాలు, కట్టె చెత్తతో నడిచే బాయిలర్, తేలికపాటి సీసాలు, పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి మళ్లీ వాడుకోవడం. 2019లో కాలిఫోర్నియాకి చెందిన జాక్సన్ కుటుంబంతో కలిసి వైనరీల వాతావరణ కూటమి ఒకటి పెట్టారు. ఖండాలు దాటి బరువైన సీసాలు పంపే వ్యాపారం ఎంత పచ్చగా ఉండగలదని అనుమానించేవాళ్లున్నారు. నాకూ ఆ అనుమానం కొంత ఉంది. అయినా ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, పోటీదారుల్ని కూర్చోబెట్టి ఉద్గారాల లెక్కలు అడగడం చిన్న విషయమేమీ కాదు.

తోటలు కూడా కొండెక్కుతున్నాయి. పిరనీస్ పర్వతాల ముందుభాగంలో, ట్రెంప్ దగ్గర, సుమారు 950 మీటర్ల ఎత్తులో వాళ్లకి ఇప్పుడు తోట ఉంది. ఇంకా పైకి, అరగాన్ ప్రాంతంలోని బెనబార్రె దగ్గర, వెయ్యి మీటర్లు దాటిన చోట కూడా భూమి కొన్నారు. కొన్నప్పుడు ద్రాక్ష పండాలంటే అది మరీ చలి ప్రాంతం. కింద పెనెడెస్‌లో ఎండ ఇంకా ముదిరితే పనికొస్తుందని కొన్నారు. ఆ భూమి బేరం చేసినాయన, అక్కడి ద్రాక్ష పూర్తిగా కాపుకొచ్చే రోజు తాను చూస్తానని లెక్క వేసుకుని కొనలేదు.